బదులు తల

ప్రొద్దుటూరు,
ఆగస్టు, ఆదివారం.

మహారాజశ్రీ బావగారు, బీరప్ప దేవర ఆస్థాన శిరోరత్నం, తొండూరు తిరుపాల్‌గారి సముఖానికి బామ్మర్ది హరినాథ్ చేతులు కట్టుకుని రాసుకునేది.

ఇక్కడ నేనూ, నా అద్దెగదీ, గదిలో ఫ్యానూ ఉన్నాం. ముగ్గురిలో ఫ్యాను ఒక్కటే పని చేయడం లేదు. అక్కడ నువ్వూ, సుధక్కా, గొర్రెలూ, ఆ పొగరుబోతు పొట్టేలూ ఎట్లున్నారో విడివిడిగా రాయాలి. పొట్టేలు సంగతి ముందు రాయి.

ఫోను జేబులో ఉండగా ఉత్తరమేందిరా అంటావు. కర్నూలు డాక్టరమ్మ చెప్పింది మరిచిపోయి ఉంటావు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. పొద్దున ఫోనులో మాట్లాడింది సాయంత్రానికి నీ దగ్గర నిలవడం లేదు. కాగితం మీదిదైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. తిరిగి జవాబు రాస్తే మెదడుకు పని. పైగా ఉత్తరాల్లో నిన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడు. సెల్‌ఫోన్లు రాకముందు కువైటులో ఉన్న మొగుళ్లకు తొండూరు ఆడవాళ్ల తరఫున రాసిపెట్టింది నువ్వే కదా. గులాబ్‌బీ కోసం నువ్వు రాసిన ఒక ఉత్తరం చదివి ఆమె మొగుడు కాంట్రాక్టు మధ్యలో వదిలేసి విమానం ఎక్కాడు. దిగి గడపలోకి వచ్చి, "ఈ మాటలన్నీ నీకు యాడ నేర్చినావే?" అని అడిగితే పాపం ఆమె గొర్రెల దొడ్డి వైపు చూపించిందట.

ఇక అసలు కేసు. కోర్టువారు పూర్వాపరాలు వినాలి.

మన కురుబ ఇళ్లలో మొక్కుకున్నవాళ్లు దేవరనాడు, అంటే బీరప్ప జాతరనాడు, గుడి ముందు వరసగా కూర్చుంటారు. పూజారి తలల మీద టెంకాయలు కొడుతూ పోతాడు, చిట్లిన చోట బండారు పసుపు అద్దుతాడు. కానీ మొక్కుకున్న నోటికి ఉన్న ధైర్యం తలకు ఉండదు. ముసలివాళ్లుంటారు, బాలింతలుంటారు, నాలాంటివాళ్లుంటారు. వాళ్లకోసం 'బదులు తల' అని ఒక పదవి ఉంది. మీసం మొలిచిన నాటి నుంచి ఆ పదవి నీదే. మా ఊరి దేవర ఒక్కటే కాదు, ముద్దనూరు పక్క దేవరలకు కూడా నిన్ను జీపులో పిలుచుకుపోయేవాళ్లు. ఎవరి మొక్కయినా నీ తలమీద చెల్లేది. నేను బీఎస్సీ పాసు కావాలని మా అమ్మ మొక్కుకున్న కాయ కూడా. నేను కూర్చోవాల్సిన చోట నువ్వు కూర్చున్నావు. సర్టిఫికెట్టు మీద నా పేరుంది, నీ నడినెత్తిన మచ్చ ఉంది. నాకు పట్టా ఇచ్చింది యూనివర్సిటీ కాదు, మా బావ తలకాయ అని నేను పనిచేసే స్కాన్ సెంటర్లో అందరికీ చెబుతుంటాను.

డాక్టరమ్మ తీర్పు ఇది. ఇన్నేళ్ల దెబ్బలు లోపల కూడుకున్నాయట. నీ మరుపు, తలనొప్పి, చేతి వణుకు, అక్క మీద ఎగిరిపడడం, అన్నీ దాని పిల్లలేనట. ఇక ఆ తలమీద ఒక్క కాయ కూడా పడకూడదు. కాబట్టి వచ్చే ఉగాది దాటాక పెద్దముడియం దగ్గర మా ఊరి దేవరలో తమరి తల హాజరు కారాదని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

జవాబు ఆలస్యమైతే ఇకమీదట పొట్టేలుకే రాస్తాను.

నీ తలకు రుణపడిన,
హరి


తొండూరు,
వాన లేదు. నెల నువ్వే చూసుకో.

ఒరే హరీ,

పొట్టేలు బాగుండాది. నీ ఉత్తరం దానికి చదివి వినిపించినా. 'వీనికి బీఎస్సీ ఎవడిచ్చినాడు?' అన్నట్లు తలకాయ ఆడించింది. నేనే లేప్పా, ఏదో పొరపాటు జరిగిపాయ అని చెప్పుకున్యా.

డాక్టరమ్మ మంచిదే. అయితే ఆమె నా తల చూసిందా, నా తల ఫోటో చూసిందా? ఫోటోలో ఏమీ లేదని మీ మిషనే కదా చెప్పింది. నార్మలు అని రాసి మళ్ల జబ్బు అంటే ఎట్ల రా? దానికంటే మా పూజారి గోవిందన్న మేలు. పగిలితే పగిలింది అంటాడు, లేకుంటే లేదంటాడు. మన పొట్టేలు పుట్టినప్పటినుంచి గోడనూ మానునూ ఢీకొడతానే ఉండాది. దానికి ఏ డాక్టరమ్మ కాగితం రాసింది?

మరుపు ఎవురికి లేదు? పెండ్లిలో ఉంగరం పెడతానని మీ నాయన మరిచిపాయ. ఆయప్ప తలమీద ఎవురు కాయలు కొట్టిరి?

హరీ, నీకు తెల్దు. డొళ్లు కొడతాంటారు. నేను కండ్లు మూసుకోని కూచోనుంటా. టప్ మంటాది. ఒక్క రవ్వసేపు లోపల ఏమీ ఉండదు. నేనుండను, గొర్రెలుండవు, మీ అక్క సణుగుడుండదు. కాయనీళ్లు చల్లగా మొగం మీద కారతాంటాయి. కండ్లు తెరిస్తే ముసిలోళ్లు గూడా నాకు దండం పెడతాంటారు. ఆడ కూచున్యప్పుడు నేను ఊరందరి తల. మిగతా దినాలు నేనెవుర్ని? బస్సు హారను కొడితే గొర్రెలను పక్కకు తోలుకునేవాణ్ని.

అందుకని కూచుంటా. రాసిపెట్టుకో.

మీ బావ,
తిరుపాల్

కాగితం వెనకపక్క:

హరీ, అక్కను రాస్తాండా. మొన్న గొర్రెలు వాటంతట అవే ఇంటికి వచ్చినాయి. మీ బావ రాలేదు. పొద్దుగూకేటప్పుడు పులివెందుల రోడ్డులో ఎవరో బండాయన వెనక కూచోబెట్టుకోనొచ్చి దింపిపోయినాడు. "ఊరు ఏదంటే నీళ్లు నమిలినాడమ్మా, మెడలో కంబళి చూసి కాపర్ల ఇండ్లల్లో అడుక్కుంటా వచ్చినా" అన్యాడు. ఇది నీకు రాయలేదు చూడు. ఆయన రాసినదాంట్లో పొట్టేలు బాగుండేది ఒక్కటే నిజం.


ప్రొద్దుటూరు,
అక్టోబరు, దసరా సెలవుల్లో.

ఊరందరి తలకు, ఊరికే తల ఉన్న బామ్మర్ది నమస్కారం.

కోర్టువారి అభ్యంతరాలు అందాయి. వరసగా విన్నవిస్తాను. ఇది శ్రీ మెదడు మహాత్మ్యం, ప్రథమాశ్వాసం. చేతులు కడుక్కుని చదవాలి.

మొదట ఆ 'నార్మల్' సంగతి. మా మిషను ఎముక చూపిస్తుంది, రక్తం చూపిస్తుంది, గడ్డ ఉంటే చూపిస్తుంది. నీది అంతకంటే సన్నని జబ్బు. సీటీఈ అంటారు. బాక్సింగ్ వాళ్లకు వస్తుందట. వాళ్లకు బెల్టులిస్తారు, నీకు కంబళి కప్పుతారు, అంతే తేడా. ఇది ఉందని నూటికి నూరుపాళ్లు తేలాలంటే మనిషి పోయాక మెదడు కోసి చూడాలి. 'అయితే అప్పటిదాకా ఆగుదాం లేరా' అనే తెలివి నీకుందని తెలుసు. అనొద్దు.

మీ అవ్వ కంబళి మగ్గం తలచుకో. ఉన్నిపోగులు నిలబడడానికి చింతగింజల గంజి పట్టించేది కదా. మెదడులో నరాలు కూడా అట్లాంటి పోగులే. వాటికి పట్టించిన గంజి పేరు టావ్. దెబ్బ తగిలినప్పుడల్లా ఆ గంజి కాస్త రాలుతుంది. రాలింది పోనీ, ఊరికే ఉంటుందా? ఉండ కడుతుంది. పోగుల్లో ముడి పడుతుంది. పక్క పోగును పట్టుకుంటుంది. ఒక మూల మొదలైంది కంబళి అంతా పాకుతుంది. కష్టమేమిటంటే బావా, దెబ్బలు ఆగినా పాకడం ఆగదు.

ఇంకొకటుంది. పోగు నుంచి పోగుకు కబురు మోసే రసాయనాలు. డోపమైన్, సెరొటోనిన్ అని, పేర్లు వింటే పులివెందుల బేకరీలో కొత్త కేకుల్లా ఉంటాయి. ఒకటి హుషారు మోస్తుంది, ఒకటి నెమ్మది మోస్తుంది. ముళ్లు పడ్డచోట వాటి పాళ్లు తప్పుతాయి. పులుసులో ఉప్పెక్కువైతే అక్క మీద అరుస్తావు. ఇప్పుడు అరిచే మనిషిలోనే ఉప్పు పాళ్లు తప్పాయి. తప్పు నీది కాదు, దినుసులది. ఈ మాట అక్కకు కూడా చదివి వినిపించు.

పొట్టేలు గురించి డాక్టరమ్మను నిజంగానే అడిగాను. ఆమె నవ్వలేదు. "పొట్టేలు పెళ్లాం పేరు మరిచిపోతే మనకొచ్చి చెబుతుందా?" అంది.

మందు? నిద్రకొక మాత్ర, కోపానికొక మాత్ర ఉన్నాయి. ముడి విప్పేది ఎవరి దగ్గరా లేదు. మనచేతిలో ఉన్నది కొత్త దెబ్బ పడకుండా చూసుకోవడం ఒక్కటే. పోనీ, పదవి ఖాళీగా ఉండకూడదనుకుంటే ఈసారి నేను కూర్చుంటాను. నా తలలో పాడవడానికి పెద్దగా సామాను లేదు.

హరి


తొండూరు,
మంగళవారం.

హరినాథ్‌కు,

నన్ను పొట్టేలు అంటావా? నా పెండ్లాం పేరు తీసి డాక్టరమ్మతో నవ్వుకుంటావా? నీ బీఎస్సీకి నేను తల పెట్టినా. గుర్తుపెట్టుకో.

ముడి పడిన ఉన్ని విప్పేది మా అవ్వకు వచ్చు. వేళ్లకు ఆముదం పూసుకోని, ముడిని తడిపి, వాకిట్లో పొద్దంతా కూచోని విప్పుతాది. తెంపదు. ఆ డాక్టరమ్మకు అంత ఓపిక లేదని చెప్పు. ఆమెకు రాకుంటే మా అవ్వను అడుగుదాం.

నాకు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. కరోనాలో రెండేండ్లు దేవర జరగలే. ఆ మొక్కులన్నీ అట్లే నిలిచిపాయ. ఆ పొద్దునుంచే నాకు ఈ మరుపు. దేవునికి కోపం రాదా? ఈ తూరి ఆ రెండేండ్లవీ కలిపి కొట్టించుకుంటా. ఆయప్ప చల్లబడితే నీ గంజీ ముడీ అన్నీ పోతాయి. నువ్వు కూచునేదేంది? నీ మొక్కు చెల్లిపోయింది. చెల్లినదానికి మళ్ల తల పెడతారా ఎవురైనా?

నీకు తెల్దు. డొళ్లు కొడతాంటారు. నేను కండ్లు మూసుకోని కూచోనుంటా. టప్ మంటాది. ఒక్క రవ్వసేపు లోపల ఏమీ ఉండదు.

డొళ్లు కొడతాంటారు. నేను కండ్లు మూసుకోని కూచోనుంటా. టప్ మంటాది.

పొట్టేలు బాగుండాది.

తిరుపాల్

కాగితం వెనకపక్క:

హరీ, అవ్వ పోయి శానా ఏండ్లాయ కదా. నేను గుర్తు చేస్తే ఆ పొద్దే పోయినట్లు ఏడ్చినాడు. ఇంక చెప్పను.

ఇంకోటి. సంగటి గిన్నె నా మీదికి ఇసిరినాడు. చెయ్యి కాలింది. అది పెద్ద సంగతి కాదు. రవ్వసేపటికి నా చెయ్యి చూసి, "ఎవడే నీకీ పని చేసింది? పేరు చెప్పు, వాని కత ముగిస్తా" అని కట్టె తీసుకోని వాకిట్లో నిలబడినాడు. వాడు వస్తాడని పొద్దుగూకేదాంక ఆడే నిలబడినాడు. నేను యాడని చెప్పేది? ఎవురని చెప్పేది?

అమ్మ గూడా దేవుని కోపమే అంటాది. ఊర్లో అందరూ ఈయన వస్తాడని మొక్కులు పెట్టుకోని ఉండారు. ఆపేది నా వల్ల కాదు. నీ చదువుతో ఏమన్నా అవుతాదేమో చూడు.


ప్రొద్దుటూరు,
మార్చి.

అక్కకు,

ఈ ఉత్తరం బావ చేతికి పోనివ్వవద్దు. నా చదువుతో ఏమన్నా అవుతుందేమో చూడమన్నావు. అయింది.

ఈసారి దేవరకు టెంకాయలన్నీ నావే అని పూజారి గోవిందన్నకు కబురు పెట్టాను. ఉద్యోగం వచ్చాక భక్తి పెరిగింది అన్నాను. ఆయన ఫోనులోనే దీవించాడు.

నా స్నేహితుడు నాసిర్ తెలుసు కదా, వాళ్ల నాయన గౌస్ మొహిద్దీన్‌కు మార్కెట్టులో టెంకాయల అంగడి. ఆయన నమాజుకు పోయిన వేళల్లో మేమిద్దరం వెనక గోడౌనులో కూర్చుని ప్రతి కాయకూ నడుము చుట్టూ సన్న రంపంతో గీత కోస్తున్నాం. నీళ్లు కారకుండా మైనం పూసి, పైన పసుపు పట్టిస్తున్నాం. చూస్తే ఎంతో భక్తిగా కనిపిస్తుంది. వేలితో గట్టిగా తడితే రెండు చిప్పలైపోతుంది. ప్రయోగం మొదట నాసిర్ తలమీద, తరువాత నా తలమీద జరిగింది. దువ్వెన తగిలినంత కూడా తెలియలేదు.

నాసిర్ అంటాడు కదా, "మామా, మీ దేవునితో మీరు ఆడుకోండి. నా పేరు యాడా చెప్పాకు. మా నాయనకు తెలిస్తే నా తలమీద కోయని కాయలు పగులుతాయి." అంటూనే కోస్తున్నాడు. బావ ఒకప్పుడు వాళ్ల పెద్దమ్మకు కూడా కువైటు ఉత్తరాలు రాశాడట.

కాయ పగులుతుంది, జనం చూస్తారు, నీళ్లు కారతాయి, బండారు అద్దుతారు. మొక్కు చెల్లుతుంది, తల మిగులుతుంది. దేవుడికి ఫిర్యాదు ఉంటే నా అడ్రసు ప్రొద్దుటూరులో ఎవరైనా చెబుతారు.

నేను మాత్రం రాను. ఎదురుగా ఉంటే నవ్వు ఆపుకోలేను. బావ నా ముఖం చూసి పట్టేస్తాడు. ఆ తెలివి ఇంకా పోలేదు.

ఈ ఏడాది గట్టెక్కనీ. వచ్చే ఏడాదికి ఇంతకంటే మంచి మోసం ఆలోచిస్తాను.

హరి


జమ్మలమడుగు,
గురమ్మ పిన్నమ్మ ఇంట్లోనుంచి.

హరీ,

మీ బావను కర్నూలు ఆసుపత్రి నుంచి నిన్న తీసుకొచ్చినాం. కట్టు మార్పించే పని ఉండాదని ఊరికి పోకుండా ఈడనే దిగినాం. ఆసుపత్రికి నువ్వు వచ్చినప్పుడు పక్కన అమ్మ ఉండె. అందుకే దేవరలో జారి పడినాడని చెప్పినా. జారి పడలేదు.

నీ కాయలు నువ్వు చెప్పినట్లే పగిలినాయి. వరసలో అందరికీ సంతోషం. ఈ తూరి దేవుడు శాంతంగా ఉండాడు అనుకున్యారు. మీ బావ వంతు వచ్చింది. గోవిందన్న చెయ్యి ఎత్తినాడు. కాయ తలకు ఆనిందో లేదో, రెండు చిప్పలై ఒళ్లో పడింది. మీ బావ కండ్లు తెరిచి పైకి చూసినాడు. "ఇంకోటి" అన్యాడు. ఇంకోటీ అంతే. దాని తర్వాతదీ అంతే.

"ఏంది గోవిందన్నా, దేవుడు నా తల ముట్టుకోడా?" అని అడిగినాడు.

గోవిందన్న నవ్వుతా, "నీ తల రాయి అయిపాయరా తిరుపాలూ, కాయలు బెదురుతాండాయి" అన్యాడు. జనమంతా నవ్వినారు. నాకు గూడా నవ్వు వచ్చింది హరీ, గండం గడిచిందని.

ఆయన నవ్వలేదు. లేచినాడు. వరసలో మొక్కుకు కూచున్య శివమ్మ తన ఇంటి చెట్టు టెంకాయ ఒకటి పక్కన పెట్టుకోని ఉండె. దాన్ని రెండు చేతులా పట్టుకోని తన తలకు తనే కొట్టుకున్యాడు. అది పగల్లేదు. మళ్ల కొట్టుకున్యాడు. డొళ్ల మోతలో నా అరుపు ఎవురికీ వినపడలేదు, అదీ మొక్కే అనుకోని జనం చప్పట్లు కొడతాండారు. పగిలేదాంక కొట్టుకున్యాడు. పగిలినాక నా పక్కకు తిరిగి, "ముట్టుకున్యాడు" అన్యాడు. ఆమీట కూలబడినాడు.

లోపల గడ్డ కట్టిన రక్తం తీసినారు కదా, ప్రాణం ఉండాది. ముందర ఉండిన మనిషి ఇంక రాడని డాక్టరు నాతో చెప్పినాడు. కాయతో కొట్టుకున్యది ఆయనకు గుర్తు లేదు. ముట్టుకున్యాడు అన్యది గుర్తు లేదు. దేవుడు వద్దన్యది మాత్రం గుర్తుండాది. పొద్దున లేస్తానే, "సుధా, నా తల ఎందుకు వద్దన్యాడు? నేనేం చేసినా?" అని అడుగుతాడు.

నిన్ను తిట్టేకి రాయలేదు. నీ ఉత్తరం చదివి నేనూ సరే అన్యదాన్నే. ఆయన ప్రశ్నకు జవాబు నీ దగ్గరే ఉండాది. రాసి పంపు.

అక్క


ప్రొద్దుటూరు.

బావా,

ఇందులో తమాషా ఏమీ లేదు.

నీ తల దేవుడు వద్దనలేదు. ఆ కాయలు నేను పంపినవి. పంపేముందు నడుము చుట్టూ రంపంతో కోశాను. అందుకే అవి తగిలీ తగలకుండానే పగిలాయి. నీకు దెబ్బ పడకూడదని చేశాను. ఆ దెబ్బ లేకపోతే నువ్వేమైపోతావో నువ్వు నాకు రాశావు, రెండుసార్లు రాశావు. నేను చదివి, భలే రాశాడు అనుకుని మడతపెట్టాను.

దేవుడు కాదు బావా. నేను.

హరి


తొండూరు,
ఎండాకాలం.

హరీ,

నా తల దేవుడు వద్దన్యాడు. ఎందుకో నీకేమన్నా తెలుసా? చదువుకున్యోనివి కదా.

పొట్టేలు బాగుండాది.

తిరుపాల్

కాగితం వెనకపక్క:

హరీ, ఇది చూసి నీ ఉత్తరం ఆయనకు చదవలేదు అనుకోవాకు. చదివినా. కోప్పడతాడని భయపడినా. మొత్తం విని, "అంటే దేవుడు కాదా? మన హరిగాడా?" అన్యాడు. నవ్వినాడు చూడు హరీ, దేవర తర్వాత మొదటిసారి. కండ్లలో నీళ్లు తిరిగేదాంక నవ్వినాడు. "కాయలు కోసినాడంట ముండాకొడుకు! ఎవురికి వస్తాదే ఇట్లాంటి ఆలోచన?" అని గొర్రెలకు గూడా చెప్పినాడు. ఆ పొద్దు కడుపు నిండా సంగటి తిన్యాడు.

తెల్లారి లేస్తానే, "సుధా, నా తల ఎందుకు వద్దన్యాడు?"

ఇప్పుడు రోజూ చదువుతాండా. రోజూ మొదట ఏడుస్తాడు, మళ్ల నవ్వుతాడు. మడతల కాడ కాగితం చినిగిపోయింది. అదే మళ్ల రాసి పంపు. ఒక్క మాట గూడా మార్చొద్దు.


ప్రొద్దుటూరు,
జులై.

అక్కకు,

అదే ఉత్తరం, అవే మాటలు, గుండ్రంగా రాసి నాసిర్ చేత లామినేషన్ చేయించి పంపుతున్నాను. కింద నా పేరూ అడ్రసూ కూడా రాశాను. సంగటి పడినా తుడుచుకోవచ్చు, వానలో తడిసినా చెక్కు చెదరదు. బావ కంటే గట్టిది.

చేసిన తప్పుకు రోజూ కొత్తగా క్షమ దొరికే మహానుభావుణ్ని ఆంధ్రదేశంలో నేనొక్కణ్నే అనుకుంటాను. నాసిర్‌తో ఈ మాటంటే వాడు నవ్వలేదు. ఈ మధ్య నా తమాషాలకు ఎవరూ నవ్వడం లేదు. నవ్వే మనిషి తొండూరులో ఉన్నాడు, ఆయన నవ్వేది కూడా ఒకే ఒక్కదానికి.

డాక్టరమ్మను కలిశాను. ఇక కోపం తగ్గుతుందట. మంచిదే కదా అన్నాను. "కోప్పడడానికి కూడా మనుషులు గుర్తుండాలి కదా" అంది. ఆమెకు తమాషా చేయడం రాదు.

ఏ పొద్దయితే ఈ ఉత్తరం విని నవ్వడం మానేస్తాడో, ఆ పొద్దు నాకు రాయి. లేకపోతే రాయవద్దు. నీ ఇష్టం.

హరి


తొండూరు,
కడప జిల్లా.

గౌరవనీయులైన హరినాథ్ సారుగారికి, తిరుపాల్ నమస్కరించి రాసుకునేది.

మీరు ఎవరో నాకు తెలియదు. మా ఇంట్లో ఒక ప్లాస్టిక్ కాగితం ఉంది. దానిమీద మీ పేరు, అడ్రసు ఉన్నాయి. మా ఇంట్లో ఉండే ఆమె అది నాకు రోజూ చదువుతుంది. మంచి ఆమె. మీరు టెంకాయలు కోసినట్లు రాసినారు. ఎవరికి కోసినారో, ఎందుకు కోసినారో నాకు అర్థం కాలేదు. ఆమె మాత్రం చదివి నా మొగం పక్క చూస్తుంది. నేను ఏం చెయ్యాలో తెలియదు.

మీరు ప్రొద్దుటూరులో ఉంటారు కాబట్టి ఒక మనవి. నాకు బామ్మర్ది ఒకడు ఉండాడు. ఆ ఊర్లోనే బీఎస్సీ చదువుతాండాడు. శానా తమాషా మనిషి. ఉత్తరాలు రాస్తాండె. ఇప్పుడు రాయడం లేదు. కనిపిస్తే రాయమని చెప్పండి.

వాడు పాసు కావాలని మా అత్త దేవరకు మొక్కుకుంది. వాడు భయస్తుడు, కూచోలేడు. భయపడేపని లేదని చెప్పండి. వాని బదులు కూచునేకి నా తల ఉంది. ఏమీ కాలేదు, గట్టిగానే ఉంది.

వాడు పాసయినాడా లేదా, ఆ ఒక్క మాట మీరు తెలుసుకోని రాసినా చాలు.

ఇట్లు,
తిరుపాల్